ఫొటో వెనక రాత

పాత ఫొటో చేతికి రాగానే ముందు వెనక్కి తిప్పి చూడటం నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఫిల్ము కెమెరాలతో పెరిగిన ఫొటో అభిమానులకు ఇప్పటికీ పోని అలవాటు. బొమ్మ ఎటూ పారిపోదు, అసలు సరుకు వెనకనే ఉండేది. "పానగల్లు, ఛాయా సోమేశ్వరం. 400 ఫిల్ము. ఎఫ్/8, 2 సెకన్లు, స్టాండు మీద. డి-76, సగానికి సగం నీళ్లు. గడప తెల్లగ కొట్టింది, మబ్బు రోజు మళ్ల పోవాలె." ఇంతే: చోటు, ఫిల్ము చురుకు, లెన్సు ఎంత తెరిచింది (ఎఫ్), వెలుగు ఎంతసేపు పడింది, కడిగిన మందు (డి-76), జరిగిన పొరపాటు. ఈ నాలుగు ముక్కలుంటే దేవరకొండలో ఉన్నాయన తీసిన ఫొటో గద్వాలలో ఉన్నాయనకు పాఠమయ్యేది. అవి లేకపోతే ఎంత మంచి ఫొటో అయినా "బాగుంది" అని పక్కన పెట్టేయాల్సిందే.

ఆ రాతకూ ఒక పద్ధతి ఉండేది. ఫైబరు బేసు ఉన్న (ప్లాస్టిక్ పూత లేని) బ్రోమైడ్ పేపరైతే 2బీ పెన్సిలు, అదీ అంచు వెంబడి, కింద గట్టి పలక పెట్టి రాయాలి. బాల్‌పెన్నుతో నడిమిట్ల గట్టిగా రాస్తే ఆ ఒత్తు ముందుకు దిగుతుంది. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే మొహం మీద అక్షరాలు గాట్లలాగా కనబడతాయి. కలర్ ల్యాబులు వచ్చాక పేపరు మారింది. రెసిన్ పూత పేపరు మీద పెన్సిలు ఎక్కదు, మామూలు సిరా ఆరదు. ఆరకముందే ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఈ ఫొటో వెనక రాసింది కింది ఫొటో మొహానికి అంటుకుంటుంది. సన్న మొన పర్మనెంట్ మార్కరుతో రాసి, విడివిడిగా పరిచి, పూర్తిగా ఆరనిచ్చాకే కట్టగట్టాలి. పాత ఆల్బముల్లో ఆకాశం మీద నీలి మరకలు ఉన్నాయంటే ఎక్కువగా ఈ తొందరే కారణం.

ల్యాబు మిషను కూడా వెనక ఒక రాత కొట్టేది. ఫ్రేము నంబరు పక్కన "ఎన్ ఎన్ ఎన్ ఎన్" అని సన్న అక్షరాలుండేవి. ఎన్ అంటే నార్మల్, ఆ ఫ్రేముకు రంగుల్లో, చీకటి వెలుగుల్లో ఏ మార్పూ చేయలేదని అర్థం. ఎన్‌ల చోట అంకెలుంటే మార్పు చేశారని. ఇది తెలిసినవాళ్లు కౌంటరు దగ్గరే తిప్పి చూసి మాట్లాడేవాళ్లు. మినీ ల్యాబు మిషను ప్రతి ఫ్రేమునూ సగటు వెలుగుకు తెచ్చే ప్రయత్నం చేస్తుంది. జాతరలో రాత్రి దివిటీల వెలుగులో తీసిన ఫొటోను కూడా పగలు చేయాలని చూస్తుంది. నల్లని రాత్రి బూడిద రంగుకు తిరిగి, దివిటీ తెల్లగా పేలిపోతుంది. "ఈ మూడు ఫ్రేములు చీకటిగనే ఉండాలె, కరెక్షన్ వద్దు" అని కవరు మీద రాసి ఇస్తేనే రాత్రి రాత్రిలా వచ్చేది.

కెమెరాల విషయానికొస్తే చాలామందికి మొదటిది అగ్ఫా క్లిక్ 3. 120 ఫిల్ము, రోలుకు 12 చదరపు బొమ్మలు. తర్వాత యాషికా ఎంఎఫ్-2, యాషికా ఎలక్ట్రో 35, జెనిట్, చెయ్యి కాస్త ఆడినవాళ్లకు పెంటాక్స్ కె1000. 1976 నుంచి 1997 దాకా పెద్దగా మార్పులు లేకుండా తయారైన కెమెరా అది. దానిలో వెలుగు కొలిచే మీటరుకు స్విచ్చి ఉండదు. లెన్సుకు మూత పెట్టకుండా అల్మారాలో పెడితే వెలుగు తగిలినంతసేపూ మీటరు నడుస్తూనే ఉండి బటన్ సెల్లు అయిపోతుంది. సెకండ్‌హ్యాండులో కొన్నవాళ్లు "మీటరు ఖరాబు" అనుకున్న చాలా కెమెరాలకు కావలసింది కొత్త సెల్లు, ఒక మూత, అంతే.

మన ఎండకు మీటరు లేకున్నా నడిచేది. ఎఫ్/16 పెట్టి (అంకె పెద్దదైతే లెన్సు రంధ్రం చిన్నది), ఫిల్ము స్పీడు ఎంతో షట్టరు దానికి దగ్గరగా పెట్టడం పద్ధతి. 100 ఫిల్ముకు 1/125 సెకను, 400 ఫిల్ముకు 1/500. నడినెత్తిన పొద్దుంటే తలపాగా నీడ కళ్ల మీద పడుతుంది కాబట్టి మనిషి మొహం కావాలంటే ఎఫ్/8 దాకా తెరవాలి. మీటరు ఉన్నవాళ్లకు చిక్కు ఇంకోచోట. మీటరు తాను చూసిందల్లా మధ్యరకం బూడిద రంగే అనుకుంటుంది. నల్ల గొంగడి కప్పుకున్న గొర్రెల కాపరి ఫ్రేము నిండా ఉంటే ఆ గొంగడిని బూడిద చేయబోయి ఒకటి ఒకటిన్నర స్టాపు (ఒక స్టాపంటే వెలుగు రెట్టింపు లేదా సగం) ఎక్కువ ఇస్తుంది, మొహం తేలిపోతుంది. పత్తి కుప్ప ముందు నిలబడ్డ మనిషైతే ఇందుకు తలకిందులు: పత్తి మాసిపోయినట్టు, మనిషి మసిబొగ్గులా వస్తాడు. పక్కన ఎండలో ఉన్న పచ్చగడ్డి మీద మీటరు చూసుకుని, ఆ లెక్కనే ఉంచి తిరిగి ఫ్రేము కట్టుకోవాలి. ప్రింటు వెనక "గొంగడి, మీటరు కంటె 1 తక్కువ" అని రాసి ఉంటే ఆ ఒక్క ముక్కతో ఇంకొకరి రోలు బతికేది.

ఫిల్ము ఖర్చు తగ్గించుకోవడానికి 100 అడుగుల డబ్బా తెచ్చుకుని పాత క్యాసెట్లలోకి చీకట్లో చుట్టుకునేవాళ్లు. ఒక డబ్బాకు 36 ఫ్రేముల రోళ్లు 18 దాకా వస్తాయి. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ఇందు, తూర్పు జర్మనీ ఓర్వో అప్పట్లో ఇంటి పేర్లంత పరిచయం. క్యాసెట్లను మరీ ఎక్కువసార్లు వాడితే నోటి దగ్గరి మఖమల్ గుడ్డలో ఇసుక చేరి ఫిల్ము పొడవునా రైలు పట్టాల్లాంటి గీతలు పడతాయి. ఎండాకాలం దుమ్ములో తిరిగొచ్చాక ఆ గుడ్డను మెత్తని బ్రష్షుతో దులపడం తప్పనిసరి.

ఇక అసలు మజా కడుగుడు దగ్గరే.

ఫిల్ము మీద బొమ్మను తేల్చే మందు, డెవలపర్, డి-76. దాన్ని కొనేకన్నా కలుపుకోవడమే చౌక, పైగా తాజాగా ఉంటుంది. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, నీటి శాతం లేని సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. బోరాక్స్ అంటే కంసాలులు వాడే వెలిగారమే. 50 డిగ్రీల వేడి నీళ్లు 750 మిల్లీలీటర్లు తీసుకుని వరుసగా కలపాలి, చివర చన్నీళ్లతో లీటరు చేయాలి. వరుస తప్పితే పని చెడుతుంది. సల్ఫైట్ చిక్కగా ఉన్న నీళ్లలో మెటాల్ కరగదు, అందుకని మెటాలే ముందు. అయితే ఒట్టి నీళ్లలో మెటాల్ గాలికి గోధుమ రంగు తిరుగుతుంది కాబట్టి అన్నిటికన్నా ముందు చిటికెడు సల్ఫైట్ వేసి ఆ తర్వాత మెటాల్ వేస్తారు. ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకొకటి. మెటాల్ కొందరి చర్మానికి పడదు, వేళ్ల సందుల్లో దురద లేచి పొక్కులొస్తాయి. గ్లోవ్స్ లేకుండా ఏళ్లకేళ్లు చేసినవాళ్ల చేతులు చూస్తే తెలిసేది.

కలిపింది గోధుమ రంగు సీసాలో అంచు దాకా నింపి బిరడా పెడితే ఆరు నెలలుంటుంది. సగం సీసా అయితే రెండు నెలలే, గాలి తినేస్తుంది. వాడినకొద్దీ సీసాలో గోళీలు వేసి మట్టం పైకి తెచ్చుకోవడం మంచి ఇగురం.

పుస్తకాలన్నీ 20 డిగ్రీలు అని రాస్తాయి. మే నెలలో నల్లగొండ ట్యాంకు నీళ్లు పొద్దున్నే వేడిగా వస్తాయి, 20 ఎక్కణ్ణుంచి తెచ్చేది? దీని మీద నడిచినన్ని మాటలు ఇంకే విషయం మీదా నడవలేదు. మట్టి రంజన్‌లో రాత్రంతా ఉంచిన నీళ్లు పొడి గాలి పుణ్యమా అని బాగా చల్లబడతాయి, దాంతో సగం పని అవుతుంది. మిగతా సగం ఐసు. ఐసు ముక్కలను డెవలపర్‌లో వేయకూడదు, పలచబడుతుంది. బేసిన్లో ఐసు నీళ్లు పోసి, సీసాలన్నీ దాంట్లో నిలబెట్టాలి. సీసాలన్నీ అనేది ముఖ్యం. డెవలపర్ ఒక్కటే చల్లగా ఉండి హైపో (తేలిన బొమ్మను నిలిపే మందు), కడిగే నీళ్లు వేడిగా ఉంటే ఫిల్ము మీది జిగురుపొర ఒక్కసారిగా ఉబ్బి, ఎండిన చెరువు అడుగు మట్టిలా పెళ్లలు పెళ్లలుగా పగులుతుంది. ఆ పగుళ్లు మళ్లీ పూడవు. అన్ని నీళ్లకూ మధ్య తేడా రెండు మూడు డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి.

20 కి రాకపోతే 24 తోనే పని నడిపేవాళ్లు, టైము తగ్గించి. ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముకు నీళ్లు కలపని డి-76 లో 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. 24 దగ్గర అదే ఐదుంబావు. ఇంకా వేడి పెరిగితే ఐదు నిమిషాల లోపలికి వస్తుంది, అక్కడ ప్రమాదం. మందు పోసేటప్పుడు, తీసేటప్పుడు పట్టే పది పదిహేను సెకన్ల తేడాకే ఆకాశం చారలు చారలుగా కడుగుతుంది. సగానికి సగం నీళ్లు కలిపితే 20 దగ్గర 11 నుంచి 13 నిమిషాలు, 24 దగ్గర ఎనిమిది తొమ్మిది దాకా దొరుకుతాయి, చెయ్యి నిలకడగా ఉంటుంది. ఒక్క రోలుకు వాడి పారబోయాలి, అంతే తేడా. మన ఎండలకు ఇదే సరైన దారి. ఇప్పుడు మళ్లీ ఫిల్ము పట్టుకుంటున్న పిల్లలకు కూడా మొదట చెప్పవలసింది ఇదే.

ఫిల్ము కడిగే ట్యాంకులో మందు పోయగానే గట్టి బల్ల మీద రెండుసార్లు తట్టాలి. తట్టకపోతే గాలి బుడగలు ఫిల్ముకు అంటుకుని నెగెటివ్ మీద తెల్లని చుక్కలు, ప్రింటు మీద నల్లని చుక్కలు వస్తాయి. నిమిషానికి నాలుగుసార్లు నిదానంగా తిప్పితే చాలు. తెగ ఊపితే అంచు రంధ్రాల గుండా మందు ఉరికి అక్కడక్కడా మేకుల్లాంటి చారలు పడతాయి. ఇంకో మాట, ట్యాంకులో ఫిల్ము చుట్టే రీలు ఒట్టి పొడిగా ఉండాలి. వానాకాలం ఉక్కలో, చెమట చేతులతో ప్లాస్టిక్ రీలుకు ఎక్కిస్తే ఫిల్ము సగంలో ఇరుక్కుంటుంది. చీకట్లో బలవంతం చేస్తే మడతపడి నెలవంక ఆకారపు మచ్చ పడుతుంది. ఫిల్ము మొన రెండు మూలలనూ కత్తెరతో గుండ్రంగా కత్తిరించుకుంటే సాఫీగా పోతుంది.

హైపో 250 గ్రాములు, పొటాషియం మెటాబైసల్ఫైట్ 25 గ్రాములు, లీటరు నీళ్లు. హైపో పలుకులు కరిగేటప్పుడు నీళ్లను తమంతట తామే చల్లబరుస్తాయి, అందుకని వేడి నీళ్లతో మొదలుపెట్టాలి. మెటాబైసల్ఫైట్ మాత్రం చల్లారాకే. వేడి మీద వేస్తే గంధకం విరిగి పాలలా తెల్లబడుతుంది, ఇక పారబోయడమే. హైపో పని చేస్తుందో లేదో తెలియాలంటే కత్తిరించిన మొన ముక్కను అందులో వేసి చూడాలి. అది ఎన్ని నిమిషాల్లో పారదర్శకం అయితే అంతకు రెట్టింపు సేపు ఫిల్మును ఉంచాలి.

తర్వాత కడగడం. పుస్తకాలు అరగంట పారే నల్లా కింద అంటాయి. వారానికి రెండుసార్లు ట్యాంకరు వచ్చే ఊళ్లో అరగంట నల్లా ఎవరిస్తారు? దానికి ఇల్ఫర్డ్ వాళ్ల పద్ధతి మన ప్రాంతం కోసమే కనిపెట్టినట్టుండేది. ట్యాంకు నింపి 5 సార్లు తిప్పి పారబోయడం, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. ఒక్క రోలు ట్యాంకుకు 300 మిల్లీలీటర్లు లెక్కేసుకుంటే లీటరు లోపే పని పూర్తి. పటిక కలిపి గట్టిపరిచే రకం హైపో అయితే ఇది సరిపోదు, మామూలు హైపోకే. చివరి ముంపు మాత్రం బోరు నీళ్లతో వద్దు. ఆరాక తెల్లని ఉప్పు మచ్చలు ఆకాశం నిండా మిగులుతాయి. పెట్రోలు బంకుల్లో దొరికే బ్యాటరీ నీళ్లు, లేదంటే వడకట్టిన వాన నీళ్లు వాడి, ఒక చుక్క వెటింగ్ ఏజెంటు వేస్తే నీరు జారిపోతుంది. ఆరేసే గదిలో ముందే నీళ్లు చల్లి దుమ్మును అణచాలి.

ప్రింటు దగ్గర వేరే తంటా, కరెంటు. ఎన్‌లార్జర్ (నెగెటివ్‌ను పేపరు మీదికి పెద్దదిగా వేసే యంత్రం) బల్బుకు ఓల్టేజీ 10 శాతం పడితే వెలుగు 30 శాతం దాకా తగ్గుతుంది. ముందు చిన్న పేపరు ముక్క మీద చూసుకునే టెస్టు స్ట్రిప్‌లో 12 సెకన్లు సరిగ్గా వచ్చిన ఫొటో, పక్కింటి మోటరు ఆన్ కాగానే అదే 12 సెకన్లకు పాలిపోయి వస్తుంది. కారణం తెలియక పేపరును తిట్టినవాళ్లున్నారు. స్టెబిలైజర్ పెట్టుకోవాలి, లేదా మోటర్లు ఆగిన వేళ చూసుకోవాలి. పేపరు డెవలపర్‌లో రెండు నిమిషాలు ఉంచాల్సిందే. నల్లబడుతోందని భయపడి నలభై సెకన్లకే పీకితే నలుపు నలుపు కాదు, బురద రంగులో మరకలు మరకలుగా వస్తుంది. తప్పు ఎక్స్‌పోజరుది, అంటే వేసిన వెలుగుది, దాన్ని ట్రేలో దిద్దలేం.

ఇవన్నీ కలిపి ఒక ప్రింటు తయారైతే దాని కోసం జరిగే మాటలు ఎక్కువగా కొన్ని చోట్ల చుట్టే తిరిగేవి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం అన్నిటికన్నా ముందు. మూడు గర్భగుళ్ల గుడి. వాటిలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభంలాంటి నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. నేరుగా ఎండ తగిలే నీడ కాదది. మండపం స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురుతో ఏర్పడేది. అందుకే అక్కడ ఫ్లాష్ కొడితే పని అయిపోయినట్టే, ఫొటోలో నీడే ఉండదు. ఇది చెప్పినా నమ్మక ఫ్లాష్‌తో తీసి, "నీడ పడలేదన్నా" అని చూపించినవాళ్లకు లెక్కలేదు. పూజారిని అడిగి, ఒప్పుకుంటేనే స్టాండు వేసి, గోడ మీద మీటరు చూసుకుని ఎఫ్/8 దగ్గర సెకను, రెండు సెకన్లు ఇవ్వాలి. గోడకూ బయటి వాకిలికీ వెలుగు తేడా చాలా ఎక్కువ. వాకిలి ఫ్రేములోకి వస్తే అది తెల్లగా పేలడం ఖాయం. మబ్బు పట్టిన రోజు ఆ తేడా తగ్గుతుంది. ఫిల్ముకు సెకను దాటిన ఎక్స్‌పోజర్లలో చురుకు తగ్గుతుంది కూడా. మీటరు 4 సెకన్లు అంటే ఫిల్మును బట్టి ఒక స్టాపు దాకా పెంచి ఇవ్వాల్సి రావచ్చు. వెనక రాత పనికొచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఇంకో రకం పరీక్ష. 50 ఎంఎం లెన్సుతో ఊడలు తప్ప చెట్టు రాదు. ఇంకా వెడల్పుగా చూసే 28 ఎంఎంతోనూ మనిషిని పెట్టకపోతే పరిమాణం తెలియదు. ఎండలో ఆకుల సందుల వెలుగు చుక్కలు మొహాల మీద బొల్లి మచ్చల్లా పడతాయి. ముసురు రోజే దానికి మంచి రోజు. 2017 డిసెంబరులో చెద పట్టిన పెద్ద కొమ్మ విరిగిపడింది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినట్టు చెట్టుకు మందు సీసాలు వేలాడదీసి కాపాడారు. అంతకుముందు తీసిన నలుపు తెలుపు ప్రింట్లలో ఆ కొమ్మలు ఇంకా ఉన్నాయి. వాటి వెనక తేదీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10 న శంకుస్థాపన, 1967 లో కాలువలకు నీళ్లు. ఫొటోలవాళ్లకు మాత్రం గేట్లు ఎత్తిన రోజే పండుగ. 26 గేట్ల నీళ్లను 1/500 తో తీస్తే పత్తి పేలినట్టు చుక్క చుక్కా నిలబడుతుంది. పావు సెకనుతో తీస్తే పాలధార. రెండో దానికి పగటి వెలుగు ఎక్కువవుతుంది కాబట్టి తెల్లవారకముందే పోవాలి. తుంపర లెన్సు మీద పడుతూనే ఉంటుంది. యూవీ ఫిల్టరు, మెత్తని నూలుగుడ్డ, ఈ రెండూ లేకుండా అక్కడికి వెళితే ప్రతి ఫ్రేములోనూ మసక మచ్చలే.

అలంపురం నవబ్రహ్మ ఆలయాల గురించి ఒక్క మాట. ఎర్ర ఇసుకరాయి, సాయంత్రపు పక్క వెలుగు. నలుపు తెలుపులో నారింజ ఫిల్టరు పెడితే నీలి ఆకాశం ముదిరి రాయి తెల్లబడి పైకి లేస్తుంది. రెండు స్టాపులు ఎక్కువ ఇవ్వాలి. పురావస్తు శాఖ కట్టడం కాబట్టి స్టాండుకు ముందుగా అనుమతి అడగాలి.

బతుకమ్మ దగ్గర పొద్దుగూకిన తర్వాతి ఇరవై నిమిషాలే ఫొటో. ఆకాశంలో ఇంకా నీలం ఉండగా, దీపాలు వెలిగి ఉండగా. గునుగు పువ్వు వెండిలా మెరుస్తుంది, నేరుగా ఫ్లాష్ కొడితే అది సున్నం ముద్దవుతుంది. ఫ్లాష్ తప్పదంటే దాని మీద తెల్ల రుమాలు ఒక మడత కప్పి ఒక స్టాపు తెరుచుకోవడం అందరికీ తెలిసిన ఉపాయం. కె1000 లాంటి వాటికి ఫ్లాష్‌తో 1/60 దాటకూడదు, దాటితే ఫ్రేములో ఒక పక్క నల్లగా పోతుంది. ఫ్లాష్ లేకుండా 1/8 లో తీస్తే చుట్టూ తిరిగే ఆడవాళ్లు రంగుల గీతలై, నడుమ బతుకమ్మ నిలకడగా ఉంటుంది. ముందు "అక్కా, ఒక ఫొటో తీసుకోనా?" అని అడగడం ఏ షట్టరు స్పీడు కన్నా ముఖ్యం.

ఈ ప్రింట్లు ఊళ్లు తిరిగింది మొదట పోస్టులోనే. రెండు అట్టల మధ్య పెట్టి, అట్ట గీతలు ఒకటి నిలువు, ఒకటి అడ్డం వచ్చేట్టు చూసి, "ఫొటోలు, మడవవద్దు" అని రాసి పంపాలి. గీతలు రెండూ ఒకే దిక్కున ఉంటే కవరు ఆ గీత వెంబడే విరుగుతుంది. లోపల ఒక తెల్ల కాగితం, అభిప్రాయాల కోసం. తిరిగి వచ్చేసరికి వాటి మీద "ఎడమ మూల కరెంటు స్తంభం తల మీద మొలిచింది", "ఇంకో అడుగు కిందికి కూసోవాల్సింది" లాంటి మాటలుండేవి. మొహమాటం తక్కువ, పనికొచ్చేవి ఎక్కువ.

నెట్టు వచ్చినప్పుడు మొదట మారింది వేగమే, తర్వాత మిగతావి. ప్రింటును 300 డీపీఐలో స్కాన్ చేస్తే 4×6 ఫొటో 1800×1200 పిక్సెళ్లు వస్తుంది. దాన్ని పొడవు వైపు 800 కు తగ్గించి, జేపెగ్ నాణ్యత 80 దగ్గర పెట్టి, 150 కేబీ లోపు చేయాలి. డయలప్ 56 కేబీపీఎస్ అన్నా పైకి పంపే దారి గరిష్ఠంగా 33.6 మాత్రమే. ఆ 150 కేబీకి ముప్పావు నిమిషం పట్టేది. తగ్గించకుండా 2 ఎంబీ ఫైలు పెట్టినవాళ్లకు పది నిమిషాల దాకా పట్టేది, ఈలోపు ఇంట్లో ఎవరో ఫోను ఎత్తితే మళ్లీ మొదటి నుంచి. తర్వాత బ్రాడ్‌బ్యాండ్‌లో రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు లెక్క లేని ప్లాన్లు వచ్చాక, అలారం పెట్టుకుని లేచి ఫొటోలు ఎక్కించడం ఒక అలవాటుగా నడిచింది.

తగ్గించాక షార్పెన్ చేయాలి (బొమ్మ అంచులకు పదును పెట్టాలి), ముందు చేస్తే తగ్గింపులో అది పోతుంది. దానికి వాడే అన్‌షార్ప్ మాస్క్ 100 శాతం, రేడియస్ 0.4 చుట్టుపక్కల. రేడియస్ 2 పెడితే కొండల అంచుకు తెల్లని దారం కుట్టినట్టుంటుంది. భువనగిరి గుట్ట ఆకాశాన్ని తాకే చోట ఈ దారం కనబడని ఫొటో ఆ రోజుల్లో అరుదు. రంగులు నెట్టులో చచ్చిపోయినట్టు కనబడితే ఫైలు అడోబీ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఉందని అర్థం, నెట్టుకు సరిపడే ఎస్‌ఆర్‌జీబీకి మార్చి పంపాలి.

ఫొటోలు పెట్టుకునే సైటు ఫ్లికర్ 2004 ఫిబ్రవరిలో మొదలైంది. డబ్బు కట్టనివాళ్లకు చాలా ఏళ్లు చివరి 200 ఫొటోలే కనిపించేవి, అందుకే ఏది పెట్టాలన్నది పదిసార్లు ఆలోచించేవాళ్లు. ఆ పరిమితి నిజానికి మేలే చేసింది. పక్కన మాటలకు ఆర్కుట్, యాహూ మెసెంజర్. తెలుగు ఫాంట్లు కుదరక ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు. "అన్నా, షట్టర్ ఎంత పెట్టినవ్?" "1/30 తమ్మీ, గోడకు ఆనుకున్న." "నాది ఊగింది." "ఊపిరి విడిచినంక నొక్కు, పీల్చేటప్పుడు కాదు." ఇలా నడిచేది రాత్రి పదకొండు దాకా. లెన్సు పొడవు ఎంతో షట్టరు అంతకన్నా వేగంగా ఉండాలి, 50 ఎంఎంకు 1/60 అనే సూత్రం ఇలాంటి మాటల్లోనే చాలామందికి ఒంటబట్టింది.

అప్పుడే డిజిటల్ కెమెరాలు వచ్చి, వెనక రాసే పని కెమెరాకే అప్పజెప్పాయి. ఫొటో ఫైలులోనే దాగి ఉండే ఎగ్జిఫ్ సమాచారంలో ఎఫ్ నంబరు, షట్టరు, ఐఎస్‌ఓ (ఫిల్ము స్పీడు లాంటిది), తేదీ, లెన్సు అన్నీ వాటంతట అవే చేరతాయి. బాగానే ఉంది. కానీ "గడప తెల్లగ కొట్టింది, మబ్బు రోజు మళ్ల పోవాలె" అన్న ముక్కను ఏ కెమెరా రాయదు. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30 న, యాహూ మెసెంజర్ 2018 జులై 17 న మూతబడ్డాయి. ఫ్లికర్ 2019 లో ఉచిత ఖాతాలను వెయ్యి ఫొటోలకు కుదించింది. ఫొటోలు చాలావరకు ఎవరి డిస్కుల్లో వాళ్లకు మిగిలాయి, వాటి కింది మాటలే పోయాయి. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే పిక్సెళ్లు తగ్గుతాయి, ఎగ్జిఫ్ కూడా ఊడిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే రెండూ నిలుస్తాయి. ఒక్క బటను తేడా. దాని పక్కన ఒక వాక్యం టైపు చేసే ఓపిక ఉంటే పాత కవరులోని తెల్ల కాగితం మళ్లీ తిరుగుతున్నట్టే.

పెట్టెల్లో మిగిలిన ప్రింట్ల సంగతి ఇప్పుడు ఆలస్యం చేయదగ్గది కాదు. పీవీసీ కవర్లలోని నెగెటివ్‌లు మన ఎండలకు అంటుకుపోతాయి, వాటిని బటర్ పేపరు కవర్లలోకి మార్చాలి. అద్దానికి అతుక్కున్న ఫొటోను పీకకూడదు, పొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయాలి. నెగెటివ్‌కు 2400 డీపీఐ పెడితే దాదాపు 77 లక్షల పిక్సెళ్లు దొరుకుతాయి. మెరుపు తక్కువ ఉన్న వైపు జిగురుపొర, గీతలు పడేది అటే, దాన్ని వేలితో తాకొద్దు. స్కానరులోని దుమ్ము తొలగించే ఇన్‌ఫ్రారెడ్ సౌకర్యం కలర్ నెగెటివ్‌లకే పని చేస్తుంది. నలుపు తెలుపు ఫిల్ములోని వెండి ఆ కిరణాలను ఆపేస్తుంది కాబట్టి దాన్ని ఆపేసి, బ్లోయరుతో దుమ్ము ఊది మొదలుపెట్టాలి.

ప్రింటు స్కాన్ చేశాక తిప్పి, వెనక కూడా స్కాన్ చేయాలి. పెన్సిలు రాత వెలిసి ఉంటే గ్రేస్కేల్‌లో చేసి, కాంట్రాస్టు పెంచితే చదవొచ్చు. ఫైలు పేర్లు ఒకే నంబరుతో ఉండాలి: 0147-ముందు, 0147-వెనక.